ఉట్టి కింద పిల్లి

వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు మా అమ్మాయి ట్యూషన్ నుంచి వస్తూ చున్నీలో ఏదో చుట్టి తెచ్చింది. విప్పి చూస్తే పిల్లికూన. వానకు తడిసి ముద్దయిపోయి, అరిచే ఓపిక కూడా లేక నోరు మాత్రం తెరుస్తోంది. "పండగ ముందు ఇదేం తద్దినమే తల్లీ" అంటూనే మా అత్తయ్యగారు లేచి వెళ్ళి చిన్న గిన్నెలో గోరువెచ్చటి పాలు పోసి పెట్టారు. అది గటగటా తాగింది. అందరం మురిసిపోయాం. మర్నాడు పాలు, పెరుగన్నం. ఆ మర్నాడూ అంతే. వ్రతం రోజు ఉదయానికి కూనకు విరేచనాలు పట్టుకుని తల ఎత్తలేకపోయింది.

పీట మీద కలశం పెట్టడం మా తోటికోడలికి అప్పగించి, పట్టుచీర మార్చుకోకుండానే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కూన పొట్ట నొక్కి చూసి "ఏం పెడుతున్నారు?" అని అడిగారు. చెప్పాను. "పాలు ఆపేయండమ్మా. దీనికి మాంసం కావాలి" అన్నారు. శ్రావణ శుక్రవారం, ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు. నాకు ఏం పాలుపోలేదు (చూశారా, ఇక్కడా పాలే వచ్చి పడింది).

ఆటోలో వస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. మా అమ్మమ్మగారింట్లో పిల్లి పెరుగన్నమే తినేది కదా! కోనసీమలో వాళ్ళది పెద్ద మండువా ఇల్లు. వంటింట్లో దూలానికి ఉట్టి, ఉట్టి మీద పాలకుండ, వెన్నకుండ, ఉట్టి కింద పిల్లి. అమ్మమ్మ అన్నాలయ్యాక అరిటాకు ముక్కలో పెరుగన్నం కలిపి పెరట్లో పెట్టేది. ఆ పిల్లి పన్నెండేళ్ళు బతికింది, నిగనిగలాడుతూ. దానికి పడిన తిండి దీనికెందుకు పడలేదు?

ఈ ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, సైన్సు నాకు అంతంతమాత్రమే. కానీ వెతుకుతూ పోతే ఇది సైన్సు కంటే ముందు చరిత్ర అని అర్థమైంది. మనిషి పిల్లికి ఏం పెట్టాడు, పిల్లి నిజంగా ఏం తిన్నది, ఈ రెండింటి మధ్య దూరమే ఆ చరిత్ర.

సైప్రస్ అని మధ్యధరా సముద్రంలో ఒక దీవి ఉంది. అక్కడ షిల్లూరోకాంబోస్ అనే పాత ఊరి తవ్వకాల్లో దాదాపు 9,500 ఏళ్ళ నాటి సమాధి బయటపడింది. ఆ సంగతి 2004లో ప్రచురించారు. సమాధిలో ఒక మనిషి, ఒక్క మూర దూరంలో ఎనిమిది నెలల పిల్లి. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు, కాబట్టి ఎవరో పడవలో తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చుకుని ఉంటారో రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గింజ దాచుకోవడం నేర్చుకున్న రోజే మనిషి ఎలుకలకు అన్నం పెట్టడం మొదలుపెట్టాడు. ఎలుకల వెనకే పిల్లి వచ్చింది. మిగతా పెంపుడు జంతువుల్ని మనం పట్టి తెచ్చుకున్నాం గానీ పిల్లి మాత్రం తన భోజనం వెతుక్కుంటూ తనే వచ్చింది. ప్రపంచంలో ఇంటి పిల్లులన్నీ పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతి అని 2007లో జన్యు పరీక్షలతో తేల్చారు. ఎడారి అంచుల్లో తిరిగిన జాతి అది. అందుకే నీళ్ళు తక్కువ తాగుతుంది. వేటాడిన ఎలుక ఒంట్లో ఉండే తడే దానికి దాహం తీర్చేది.

నాకు మరీ నచ్చింది చైనా కథ. అక్కడ చ్వాన్‌హుట్సున్ అనే పల్లెలో 5,300 ఏళ్ళ నాటి పిల్లి ఎముకలు దొరికాయి. ఎముకను పరీక్షిస్తే ఆ జీవి బతికున్నప్పుడు ఏం తిన్నదో తెలుస్తుందట. ఆ ఊరివాళ్ళు కొర్రలు, వరిగలు లాంటి చిరుధాన్యాలు పండించేవారు. ఎలుకలు ఆ గింజలు తిన్నాయి, పిల్లులు ఆ ఎలుకల్ని తిన్నాయి. కానీ ఒక పిల్లి ఎముకల్లో మాత్రం లెక్క వేరుగా ఉంది. అది మాంసం తక్కువ, ధాన్యం ఎక్కువ తిన్నది. అంటే ఎవరో దానికి ఇంట్లో వండింది పెట్టి ఉంటారని పరిశోధకుల ఊహ. ఆ ఎవరో నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. మా అమ్మమ్మలాంటి ఒకావిడ, చేతిలో మిగిలిన కొర్రన్నం ముద్ద. ఆ పిల్లులు మన ఇంటి పిల్లి జాతి కాదని, ఒంటి మీద మచ్చలుండే ఆసియా అడవిపిల్లులని తరవాత తేలింది. అయినా ముద్ద ముద్దే కదా!

ఈజిప్టు సంగతి అందరికీ తెలిసిందే. పిల్లి తల ఉన్న దేవత బాస్టెట్, ఆవిడ క్షేత్రం బుబాస్టిస్. ఇంట్లో పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గీయించుకునేవారని హెరొడోటస్ రాశాడు. అయితే ఏం పెట్టేవారు అన్నదానికి డియోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు జవాబిచ్చాడు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో ఆయన ఈజిప్టు వెళ్ళి వచ్చినవాడు. గుళ్ళలో పూజార్లు రొట్టెను పాలల్లో తుంచి నానబెట్టి, నోటితో చప్పుడు చేసి పిల్లుల్ని పిలిచి పెట్టేవారట. లేదంటే నైలు నదిలో చేపలు కోసి పచ్చివే పెట్టేవారట. రెండు వేల ఏళ్ళ కిందటి పూజారి నోటితో చప్పుడు చేసి పిలవడం చదివి నేనొక్కదాన్నే వంటింట్లో నవ్వుకున్నాను. మనమూ అదేగా చేసేది! పాలల్లో రొట్టె అంటే మన పాలన్నమే. పక్కన చేప ఉంది కాబట్టి ఆ పిల్లులు బాగానే ఉండి ఉంటాయి.

ఆ గుళ్ళ గురించి ఇంకో మాటా ఉంది. దేవతకు మొక్కు చెల్లించడానికి మమ్మీలుగా చుట్టిన పిల్లుల్ని ఎక్స్‌రే తీస్తే చాలావరకు చిన్న వయసువే, మెడ విరిచినవే. ముద్దుగా పిలిచి పాలు పోసిన చోటే ఆ పనీ జరిగింది. దాని మీద ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

మన దగ్గరికి వద్దాం. పిల్లి, పాలు అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది తెనాలి రామకృష్ణుడే. విజయనగరంలో ఎలుకలు ఎక్కువయ్యాయని రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇచ్చాడని, రామకృష్ణుడు మొదటి రోజే మరిగే పాలు పెట్టి మూతి కాల్చేసరికి ఆ పిల్లి పాలగిన్నె చూస్తేనే పారిపోయేదని, పాలన్నీ వీళ్ళే తాగేవారని కథ. ఇది జనం చెప్పుకున్న కథే గానీ చరిత్ర కాదు. రాయలవారు 1509 నుంచి 1529 వరకు ఏలిన మాట మాత్రం చరిత్ర. చిన్నప్పుడు ఈ కథ విని పాపం పిల్లి అనుకునేదాన్ని. ఇప్పుడు వేరే అనుమానం వస్తోంది. పాలు ముట్టని ఆ పిల్లి అన్నాళ్ళూ ఏం తిని బతికింది? ఎలుకల్నే తిని ఉంటుంది. అంటే ఊరంతటిలో రాజుగారు ఏ పనికి పిల్లినిచ్చాడో ఆ పని చేసింది ఆ బక్కపిల్లి ఒక్కటే. సభలో ఈ మాట ఎవరికీ తోచలేదు. పిల్లంటే పాలు తాగాల్సిందేనని రాయలవారికీ నమ్మకం, మా అత్తయ్యగారికీ నమ్మకం.

నిజానికి పిల్లికూన తల్లిపాలు తాగే రోజుల్లోనే పాలల్లోని చక్కెరను అరిగించుకోగలదు. నాలుగో వారం నుంచి మెల్లగా తిండికి అలవాటుపడి, ఎనిమిది వారాలకల్లా తల్లిపాలు మానేస్తుంది. ఆ తరవాత ఆ అరుగుదల తగ్గిపోతుంది. పైగా తల్లిపిల్లి పాలు వేరు, ఆవుపాలు వేరు. కూనకు కావలసినంత మాంసకృత్తులు ఆవుపాలల్లో ఉండవు. వెన్న వాసనకు, కొవ్వు రుచికి అది పాలు తాగుతుంది, అంతే. తీపి కోసమైతే కానే కాదు. పిల్లి నాలుకకు తీపి తెలిసే జన్యువు చెడిపోయిందని 2005లో కనిపెట్టారు. పాయసం గిన్నె నాకేది అందులోని నెయ్యి కోసమేనన్నమాట.

ఇక మా అమ్మమ్మ పిల్లి రహస్యం. పెరుగన్నం సంగతే అందరం చూశాం. వాకిట్లో పెద్ద వడ్లపురి ఉండేది, పెరట్లో గడ్డిమేటు ఉండేది. రాత్రిళ్ళు పిల్లి ఎక్కడ తిరిగిందో ఎవరు చూశారు? ఎలుకలు, తొండలు, మిడతలు, చెరువుగట్టు మీద చేపపిల్లలు. శాకాహారుల ఇంట్లో పిల్లి కూడా శాకాహారే అనుకోవడం మన మర్యాద. అది తన మర్యాద తను నిలుపుకుంటూ మన కంటపడకుండా తిని, మూతి తుడుచుకుని వచ్చి అరిటాకు ముందు కూర్చునేది. పెరుగన్నం దానికి భోజనం కాదు, తాంబూలం.

అదే పిల్లి మనవరాలు గౌరి. తాతగారు పోయాక పొలం కౌలుకిచ్చి అమ్మమ్మ కాకినాడలో మామయ్య దగ్గరికి వచ్చేసింది. మేడ మీద రెండు గదుల అద్దె వాటా. గౌరిని వదల్లేక సంచీలో పెట్టి తెచ్చుకుంది. అక్కడ పురి లేదు, పెరడు లేదు. కింద వాటావాళ్ళకు కుక్క ఉండటంతో గౌరి మెట్లు దిగేది కాదు. అమ్మమ్మ అదే ప్రేమతో, అదే చేత్తో పెరుగన్నమే పెట్టింది. రెండేళ్ళకు గౌరి నడుస్తూ నడుస్తూ గడపకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. కళ్ళు దీపాల్లా మెరుస్తుండేవి గానీ ఏదీ కనిపించేది కాదు. "ఏ జన్మలో ఎవరి కళ్ళు పొడిచిందో" అని అమ్మమ్మ ఒడిలో పెట్టుకుని ఏడ్చేది. ఒకరోజు పొద్దున్నే పొయ్యి పక్కన అలాగే పడుకుని పోయింది.

నగరాలకు చేరిన పిల్లి తిండి కథ లండన్‌లో మొదలవుతుంది. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో ‘పిల్లి మాంసం’ అమ్మే వాళ్ళుండేవారు. పిల్లిది కాదు లెండి, పిల్లుల కోసం! లండన్ అంతా అప్పుడు గుర్రపు బళ్ళే. ముసలివైన, చచ్చిన గుర్రాల మాంసం ఉడకబెట్టి, ముక్కలు కోసి పుల్లలకు గుచ్చి, మన కూరల బండి వాళ్ళలా వీధి వీధికీ తిరిగి కేకలేస్తూ అమ్మేవారు. ఆ గొంతు వినగానే పిల్లులన్నీ గుమ్మాల్లోకి వచ్చేసేవట. హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు 1851 ప్రాంతంలో లండన్ బీదల మీద రాసిన పుస్తకంలో వీళ్ళకో అధ్యాయమే ఉంది. అందులో ఒక నల్లజాతి మహిళ ప్రస్తావన వస్తుంది. రోజుకు పదహారు పెన్నీల మాంసం కొని, ఇంటి కప్పు మీదికెక్కి, పెంకుల మీద తిరిగే దిక్కులేని పిల్లులకు విసిరేదట. పేరు లేదు, వాక్యం కూడా ఒకటి రెండే. ఆవిడ బతుకేమిటో, తను తినేదో లేదో, ఎవరూ అడిగి రాయలేదు.

తరవాతిది వ్యాపారం కథ, త్వరగా చెప్పేస్తాను. 1860ల్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్లు మొదలుపెట్టాడు. 1922లో అమెరికాలో గుర్రపు మాంసం డబ్బాల్లో పెట్టి కుక్కలకు అమ్మారు. రెండో ప్రపంచయుద్ధంలో డబ్బాల రేకుకు కరువొచ్చి పొడి తిండికి గిరాకీ పెరిగింది. 1950ల్లో పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి పిండి గుళికలు చేసే పద్ధతి వచ్చింది (మన జంతికల గొట్టమే, కాకపోతే పెద్దది). అన్నింట్లోనూ కుక్క ముందు, పిల్లి వెనక. పిల్లంటే చిన్న కుక్క అన్నట్టే చాలాకాలం నడిచింది. ఈలోగా 1947లో ఎడ్వర్డ్ లో అనే అతను పిల్లి మలవిసర్జనకు బంకమట్టి గుళికలు అమ్మడం మొదలుపెట్టాడు. చిన్న సంగతిలా ఉంటుంది గానీ దాంతో పిల్లి పూర్తిగా నాలుగు గోడల మధ్యకు వచ్చేసింది. వేట ఆగిపోయింది. దొంగతనంగా తిని లోటు పూడ్చుకునే దారి మూసుకుపోయింది. ఇక మనం ఏది పెడితే అదే దాని ప్రాణం.

అప్పుడే అసలు సంగతులు బయటపడ్డాయి. లండన్‌లో ప్యాట్రీషియా స్కాట్ అనే శాస్త్రవేత్త పిల్లుల తిండి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మెత్తటి మాంసం మాత్రమే పెట్టిన పిల్లికూనలకు సున్నం చాలక ఎముకలు పుల్లల్లా విరిగిపోతాయని తెలిసింది. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో సహా తింటుంది కదా, మనం ముక్కే పెడతాం. 1964లో ఆవిడా ఆవిడ సహచరులూ మరో సంగతి రాశారు. తిండి లోపం వల్ల పిల్లులకు చూపు పోతోందని. కారణం మాత్రం దొరకలేదు. పదకొండేళ్ళ తరవాత, 1975లో అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. వాళ్ళు పిల్లులకు మాంసకృత్తుల కోసం పెట్టింది కేసీన్. అంటే పాలవిరుగుడులో ఉండేది. అది తిన్న పిల్లులకు కంటి వెనక పొర మెల్లగా చచ్చిపోయింది. లోపించింది టారిన్ అనే పదార్థం. 1827లోనే ఎద్దు పిత్తరసంలోంచి తీశారు, అందుకే ఆ పేరు, లాటిన్‌లో ఎద్దుని టారస్ అంటారట. మన ఒళ్ళు, కుక్క ఒళ్ళు దాన్ని తయారు చేసుకుంటాయి. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. మాంసంలో, చేపలో, ఎలుకలో అది పుష్కలం. బియ్యంలో, పప్పులో లేనే లేదు. పాలల్లో ఉన్నది ఏ మూలకూ చాలదు.

ఆ పేరా దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు కూర్చున్నాను. గౌరి ఎవరి కళ్ళూ పొడవలేదు. ఇదే కారణమని ఇన్నేళ్ళ తరవాత ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ అమ్మమ్మ ఉంటే ఈ మాట చెప్పి ఉండేదాన్ని. మళ్ళీ చెప్పకపోవడమే మంచిదేమో, తన చేత్తో పెట్టిన అన్నమే అని తెలిస్తే ఆవిడ తట్టుకునేది కాదు.

కథ అక్కడితో అయిపోలేదు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పయాన్, ఆయన సహచరులు ఇంకో సంగతి పట్టుకున్నారు. ఏటా వేల పిల్లులు గుండె కండరం సాగిపోయి చచ్చిపోతుండేవి. పరీక్షిస్తే, కొన్న క్యాట్ ఫుడ్ తింటున్న 21 పిల్లుల రక్తంలో టారిన్ తక్కువగా ఉంది. అది ఇస్తే గుండె మళ్ళీ మామూలుగా కొట్టుకుంది. చచ్చిపోతుందనుకున్న పిల్లి లేచి తిరిగింది. దాని తరవాత కంపెనీలు టారిన్ కలపడం పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. ఆ ఏడాది నేను రెండో తరగతి. అమ్మమ్మ పెరట్లో పిల్లికి అరిటాకు వేసే డ్యూటీ నాదే.

ఇంటికి చేరేసరికి వ్రతం అయిపోయింది. అత్తయ్యగారు వాయనాలు సర్దుతున్నారు. డాక్టరు అన్నమాట చెప్పలేక చెప్పాను. ఆవిడ మాట్లాడలేదు. మావారు "పోనీ ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు. అమ్మాయి అన్నం తినకుండా పడుకుంది. రాత్రి అత్తయ్యగారి పక్కన కూర్చుని గౌరి కథ చెప్పాను. ఎలుకల సంగతి, కళ్ళ సంగతి, అన్నీ. చాలాసేపటికి ఆవిడ "అయితే మన ధర్మం దానికెందుకు? దాని ధర్మం దానిది. వంటింట్లోకి మాత్రం రానివ్వకు" అన్నారు.

కూనల కోసం చేసిన తిండి పొట్లాం మీద అన్ని పోషకాలూ ఉన్న పూర్తి ఆహారం అని రాసి ఉందో లేదో చూసి తెచ్చాను. ఏడాది వచ్చేదాకా అదే పెట్టమన్నారు డాక్టరుగారు, పొట్ట చిన్నది కాబట్టి రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. పొడి గుళికలు కాబట్టి పక్కనే నీళ్ళు, రెండు మూడు చోట్ల. వారానికి రెండుసార్లు పక్కింటి వదినగారు కోడి ముక్క ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి ఇస్తారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషమని ఆవిడకూ అప్పుడే తెలిసింది. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి ఉడికించిన నీళ్ళు పారబోయొద్దని చెప్పాను. కార్జం అడిగితే చిన్న ముక్క చాలన్నాను, ఎక్కువైతే ఎ విటమిన్ ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. పచ్చి చేప వద్దు. కుక్క తిండి చవకని తెచ్చి పెట్టొద్దు, దాంట్లో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు. శాకాహార క్యాట్ ఫుడ్ దొరుకుతుందా అని మా తోటికోడలు అడిగింది. నేను గౌరిని తలుచుకుని వద్దన్నాను.

బాల్కనీలో వేరే గిన్నె, వేరే చెంచా, వేరే పీచు. కూన ఇప్పుడు అయిదు నెలలది, పేరు లక్ష్మి, వ్రతం నాడు బతికింది కాబట్టి. మొన్న అన్నాలయ్యాక అత్తయ్యగారు బాల్కనీ తలుపు దగ్గర వంగి ఏదో చేస్తుంటే చూశాను. గోరంత పెరుగన్నం ముద్ద. నన్ను చూసి "తాంబూలమేలే" అన్నారు.